పెద్దమ్మ చేతికి లొంగే పిస్టల్: అమెరికాలోని తెలుగు ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ దగ్గర ఒంటరిగా ఉంటున్న మా పెద్దమ్మ కోసం నేను పిస్టల్ వెతికిన సంగతి నలుగురికీ తెలిసిపోయింది. అప్పట్నుంచీ ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా, చేతిలో ప్లేటుతో ఎవరో ఒకరు నన్ను పక్కకి లాక్కెళ్ళి అవే సందేహాలు అడుగుతున్నారు. చెప్పీ చెప్పీ ఇలా రాసి పెట్టాను. ఇదంతా అమెరికా సంగతి. నేను లాయర్ని కాను, గన్ షాపు వాణ్ణీ కాను. పెద్దమ్మతో ఆరు దుకాణాలు, మూడు రేంజ్‌లు (తుపాకీ పేల్చడం సాధన చేసే చోట్లు) తిరిగిన మనిషిని. వీసా చిక్కు ఏదైనా ఉంటే మాత్రం లాయర్‌ని అడగాల్సిందే.

## కొనాలా, వద్దా అనుకుంటున్నప్పుడు

అమ్మ ఒక్కతే ఉంటోంది, ఇంట్లో బంగారం ఉంది. గన్ కొనేస్తే ధైర్యంగా ఉంటుంది కదా?

ఆ భయం ఉత్తిదేం కాదు. 2011–14 మధ్య టెక్సాస్, మిషిగన్, జార్జియా సహా కొన్ని రాష్ట్రాల్లో ఆసియా, భారత సంతతి వాళ్ళ ఇళ్ళనే ఏరి దోచుకున్న ముఠా ఒకటుంది. దాన్ని నడిపినావిడకి 2019లో 37 ఏళ్ళ శిక్ష పడింది. అయినా వరసలో గన్‌ది చివరి స్థానమే. ముందు బంగారం బ్యాంకు లాకర్లోకి వెళ్ళాలి. దొంగ ఎక్కువగా ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని వస్తాడు, అప్పుడు నగలతో పాటు గన్నూ పోతుంది. తలుపు గొళ్ళెం దిగే ఇనుప పలకకి కంపెనీ వాళ్ళు బిగించే పొట్టి స్క్రూలు పీకేసి మూడంగుళాలవి వేయించండి. పది డాలర్ల పని, ఒక్క తన్నుకి తలుపు ఊడిపోకుండా ఉంటుంది. పెరట్లో లైటు, గుమ్మంలో కెమెరా, మంచం పక్కన ఛార్జింగ్‌లో ఫోను. ఇవన్నీ అయ్యాక కూడా ఆవిడకి కావాలనిపిస్తే అప్పుడు గన్ సంగతి చూడొచ్చు.

మా అత్తగారికి గన్ అంటేనే వణుకు. నచ్చజెప్పి కొనిపించాలా?

వద్దు. కొని ఇస్తే బీరువాలో చీరల కింద తోసేస్తారు, అది ఎప్పుడో మనవడికి దొరుకుతుంది. ఆవిడ తనంతట తాను అడిగితేనే.

ఎంత వయసు దాటితే వద్దనుకోవాలి?

వయసుతో లెక్క కాదు. 75 ఏళ్ళ వయసులో మ్యాగజీన్ (పిడిలోకి దూర్చే తూటాల డబ్బా) టకటకా నింపేవాళ్ళని చూశాను, 60కే చెయ్యి వణికేవాళ్ళనీ చూశాను. నేను చూసేది మూడు విషయాలు. స్టవ్ మీద పాలు పెట్టి తరచూ మర్చిపోతున్నారా? రాత్రి నిద్రమాత్ర వేసుకుంటారా? మనసు బాగుందా? మూడోది అడగడానికి మనవాళ్ళకి మొహమాటం. భర్త పోయిన కొత్తలో "ఇంక నేనుండి ఏం చేయాలి" అనే మాట ఒక్కసారి విన్నా సరే, ఆ ఇంట్లోకి గన్ తీసుకెళ్ళకండి. ఉంటే బయటికి తెచ్చేయండి. ఆత్మహత్య ఆలోచనలొస్తే సాయం చేసే 988 నంబరుకి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, దుబాసీ కావాలని అడగొచ్చు. పెద్దనాన్న పోయిన ఏడాదంతా మేం ఈ ఆలోచన పక్కన పెట్టాం.

పెప్పర్ స్ప్రే చాలదా?

చాలామందికి చాలు. పార్కులో నడకకి వెళ్ళేటప్పుడు నా ఓటు దానికే. చిన్న గదిలో కొడితే మన కళ్ళూ మండుతాయి, డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది. ఆ రెండూ గుర్తుంచుకోండి.

## చట్టం, కాగితాలు

అమ్మ విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉంటుంది. ఆమె పేరున కొనొచ్చా?

కొనకూడదు. విజిటర్, హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి ఒక మినహాయింపు ఉంది. "ఆన్‌లైన్లో హంటింగ్ లైసెన్సు తీసేసుకుంటే సరిపోతుందటగా" అని కొందరు సలహా ఇస్తుంటారు. మనవరాలికి జడ వేయడానికి వచ్చిన అమ్మ మీద ఆ ప్రయోగం నేనైతే చేయను. తేడా వస్తే జైలుతో ఆగదు, దేశం నుంచి పంపేస్తారు. మీరు సిటిజన్ అయ్యి మీ గన్ అదే ఇంట్లో ఉంటే, సేఫ్ కోడ్ మీ దగ్గరే ఉంచుకోండి, అమ్మకి చెప్పకండి.

నేను హెచ్1బీ, మా పిన్ని సిటిజన్. రేంజ్‌కి నేను తీసుకెళ్ళొచ్చా?

కారు నడిపి దింపండి, బయట కాఫీ తాగండి. రేంజ్‌లో అద్దె గన్ పట్టుకోవడం కూడా పట్టుకోవడమే. "ఒక్కసారి పట్టుకో, ఫొటో తీస్తాను" అంటే వద్దనండి.

గ్రీన్ కార్డు ఉంటే ఏమేం పట్టుకెళ్ళాలి?

గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి, మన పెద్దవాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. ఫోటో, ప్రస్తుత అడ్రసు ఉన్న డ్రైవింగ్ లైసెన్సు లేదా స్టేట్ ఐడీ, గ్రీన్ కార్డు కావాలి. దుకాణంలో 4473 అనే ఫారం నింపిస్తారు. అందులో గ్రీన్ కార్డు మీదుండే ఏలియన్ నంబరు రాయాలి. ఆపైన నిక్స్ అనే బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. మనవాళ్ళు చిక్కుపడేది రెండు చోట్ల. కూతురి దగ్గరికి మకాం మార్చి ఏడాదైనా లైసెన్సు మీద ఇంకా న్యూజెర్సీ అడ్రసే ఉంటుంది. రెండోది పేరు. ఇంటిపేరు ఒక కార్డు మీద పూర్తిగా, ఇంకో కార్డు మీద పొడి అక్షరంగా ఉంటుంది. రెండూ సరిచేయించుకున్నాకే దుకాణానికి వెళ్ళండి. ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వాలని బలవంతం లేదు గానీ, ఇస్తే అదే పేరున్న ఇంకొకరితో పొరబడకుండా ఉంటారు.

డబ్బులు అమ్మవి, ఫారం నా పేరున. ఇంట్లో వాళ్ళమే కదా, తప్పేంటి?

ఇదే అందరూ తేలిగ్గా తీసుకునే తప్పు. వేరేవాళ్ళ డబ్బుతో, వాళ్ళ కోసం, మీ పేరున కొంటే దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. 2009లో వర్జీనియాలో ఒక మాజీ పోలీసాయన, తనకైతే డిస్కౌంట్ వస్తుందని, వాళ్ళ అంకుల్ కోసం గ్లాక్ 19 పిస్టల్ కొన్నాడు. అంకుల్ ముందే 400 డాలర్ల చెక్కు పంపాడు. ఆ అంకుల్‌కి గన్ ఉంచుకునే అర్హత పూర్తిగా ఉంది. అయినా, అసలు కొనుగోలుదారుణ్ణి నేనే అని ఫారంలో రాసినందుకు కేసు అయింది. 2014లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో శిక్షని ఖాయం చేసింది. 2022లో వచ్చిన చట్టం, గన్ ఉంచుకోకూడని వాళ్ళ కోసం కొనిపెట్టే స్ట్రా పర్చేజ్‌కి శిక్షని 15 ఏళ్ళ దాకా పెంచింది.

మీ సొంత డబ్బుతో కొని నిజంగా బహుమతిగా ఇవ్వడం వేరు, ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. నా సలహా దానికన్నా సులువు. దుకాణం గిఫ్ట్ కార్డు కొని ఆవిడ చేతిలో పెట్టండి. ఆవిడే ఎంచుకుని, ఆవిడే సంతకం పెడతారు.

నేను కాలిఫోర్నియాలో, అమ్మ టెక్సాస్‌లో. నా దగ్గరున్న పిస్టల్ పంపొచ్చా?

నేరుగా పోస్టులో పంపడం, కారులో తీసుకెళ్ళి ఇచ్చి రావడం కుదరదు. రాష్ట్రం మారితే ఆవిడ ఉండే రాష్ట్రంలో లైసెన్సున్న డీలర్ దగ్గరికి చేరాలి. అక్కడ ఆవిడ ఫారం నింపి, చెక్ అయ్యాక తీసుకోవాలి. డీలర్ కొంత ఫీజు తీసుకుంటాడు.

మా రాష్ట్రంలో పర్మిట్ కావాలా?

టెక్సాస్‌లో కొనడానికి పర్మిట్ అక్కర్లేదు. న్యూజెర్సీలో ప్రతి పిస్టల్‌కీ కొనుగోలు పర్మిట్ ముందు తీసుకోవాలి. ఇల్లినాయ్‌లో ఫాయిడ్ కార్డు (రాష్ట్రం ఇచ్చే తుపాకీ యజమాని గుర్తింపు కార్డు) ఉండాలి. న్యూయార్క్‌లో లైసెన్సు లేకుండా పిస్టల్ ఇంట్లో కూడా ఉంచుకోకూడదు. కాలిఫోర్నియాలో భద్రత పరీక్ష రాసి, పది రోజులు ఆగి, రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉన్న మోడలే కొత్తది కొనాలి. అంటే ఒక రాష్ట్రంలో మీ బావ కొన్న మోడల్ మీ రాష్ట్రంలో దొరక్కపోవచ్చు.

అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. ఫారం నేను నింపొచ్చా?

చదవడం, రాయడం రానివాళ్ళ కోసం ఇంకొకరు జవాబులు రాయొచ్చు. ఆ రాసేది దుకాణం మనిషి కాకూడదు. అమ్ముతున్న వ్యక్తి కాకుండా ఇంకో ఇద్దరు సాక్షి సంతకం చేయాలి, కొనేవాళ్ళ సంతకం మాత్రం వాళ్ళదే. అంటే ఇద్దరు తోడు కావాలి. ఫారంలోని ప్రశ్నలు ఇంటి దగ్గరే తెలుగులో చదివి వినిపించండి. కౌంటర్ దగ్గర కంగారు తగ్గుతుంది.

## దుకాణంలో, రేంజ్‌లో

ఆడవాళ్ళకి చిన్న రివాల్వరే మంచిదని షాపులో చెప్పారు. నిజమేనా?

మేం వెళ్ళిన మొదటి దుకాణంలో కౌంటర్ అబ్బాయి పెద్దమ్మని చూడగానే గులాబీ రంగు పిడి ఉన్న బుల్లి రివాల్వర్ తీశాడు. ఐదు తూటాలు, బరువు అరకిలో కూడా లేదు. "లాగడాలు లేవు, బిగించడాలు లేవు, నొక్కితే చాలు" అన్నాడు. నొక్కడమే కదా కష్టం. అలాంటి తేలిక రివాల్వర్ ట్రిగ్గర్ వెనక్కి రావడానికి దాదాపు ఐదు కిలోల ఒత్తిడి కావాలి, అదీ ఒక్క చూపుడువేలితో. పెద్దమ్మ రెండు వేళ్ళు పెట్టి లాగింది, గన్ ముందు భాగం గాల్లో సున్నా చుట్టింది. "ఒరే, ఇది నాకు లొంగట్లేదురా" అని తిరిగి ఇచ్చేసింది.

ఇంకో సంగతి. గన్ ఎంత తేలికైతే అంత గట్టిగా తంతుంది. పర్సులో పట్టే సైజు చూసి ముచ్చటపడి కొన్నవాళ్ళు ఒక్కసారి పేల్చి మళ్ళీ ముట్టుకోరు. రివాల్వరే కావాలంటే బరువున్న స్టీలుది చూడండి. రూగర్ ఎస్‌పీ101 లాంటిది ముప్పావు కిలో దాకా తూగుతుంది. అందులో .38 స్పెషల్ సైజులో వాడ్‌కట్టర్ అనే చదును మొన తూటాలు వేస్తే తన్ను మెత్తగా ఉంటుంది. ట్రిగ్గర్ బరువు మాత్రం అలాగే ఉంటుంది. చూపుడువేలి కణుపులు వాచే వాళ్ళకి రివాల్వర్ నేను చెప్పను.

మరి ఏవి చూడాలి? రెండు మూడు పేర్లు చెప్పండి.

స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 380 షీల్డ్ ఈజీ (380 అంటే తూటా సైజు). 2018లో వచ్చింది, వేళ్ళలో బలం తక్కువున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకునే చేశారు. స్లయిడ్, అంటే తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పై భాగం, తేలిగ్గా వస్తుంది. మ్యాగజీన్‌లో ఎనిమిది తూటాలు, నింపేటప్పుడు స్ప్రింగ్‌ని బొటనవేలితో కిందికి జరపడానికి చిన్న బొడిపె ఉంటుంది. బరువు 525 గ్రాములు. 400 డాలర్లకి అటూ ఇటూ దొరుకుతుంది. పిడి వెనక గ్రిప్ సేఫ్టీ ఉంటుంది, అరచేత్తో గట్టిగా పట్టుకుంటేనే పేలుతుంది. పట్టు మరీ వదులైనవాళ్ళకి అది ఒక్కోసారి సహకరించదు. పెద్దమ్మ ఎంచుకున్నది ఇదే.

రూగర్ సెక్యూరిటీ-380. దీని స్లయిడ్ కూడా తేలికే. రాష్ట్ర నియమాలు ఒప్పుకుంటే 15 తూటాల మ్యాగజీన్ వస్తుంది. మూడున్నర వందల డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. పిడి కాస్త పెద్దది, అలా ఉండడమే మంచిది, తన్ను చెయ్యంతా పంచుకుంటుంది.

స్లయిడ్ అస్సలు లాగలేనివాళ్ళకి టర్కీ కంపెనీ గిర్సాన్ చేసే ఎంసీ14టీ. మీట నొక్కితే గొట్టం వెనక భాగం పైకి లేస్తుంది, తూటా అందులో పెట్టి మూసేయడమే. ధర పై రెండిటికన్నా ఎక్కువ. మధ్యలో తూటా ఇరుక్కుంటే మాత్రం స్లయిడ్ లాగక తప్పదు, ఆ సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు.

380 అయితే అన్నీ తేలికే కదా?

కాదు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. స్లయిడ్ ఎంత బిగువన్నది తూటా సైజు ఒక్కదాన్ని బట్టే ఉండదు. పాతకాలం పద్ధతి 380లలో, అంటే వాల్తర్ పీపీకే/ఎస్, బెర్సా థండర్ లాంటి వాటిలో, స్లయిడ్‌ని ఆపేది స్ప్రింగూ బరువే. అందుకే ఆ స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది. షీల్డ్ ఈజీలో పేలిన క్షణంలో గొట్టం, స్లయిడ్ ఒకదానికొకటి బిగుసుకుని కాస్త దూరం కలిసి వెళ్ళి విడిపోతాయి, కాబట్టి మెత్తటి స్ప్రింగ్ సరిపోతుంది. రూగర్ ఎల్‌సీపీ లాంటి అరచేతి సైజు 380లు పేలిస్తే బొటనవేలి మొదలు చురుక్కుమంటుంది. పేరు మీద 380 ఉందని కొనేయకుండా ఆవిడ చేతికిచ్చి లాగించి చూడండి.

9 ఎంఎం కన్నా చిన్నవి పనికిరావంటారు మా బావ. .22 అయితే మరీ బొమ్మ గన్ అట.

బావగారి చేతికి 9 ఎంఎం బాగుంటుంది. పెద్దావిడ మొదటి తూటాకే కళ్ళు మూసుకుంటే ఆ బలం గోడకి తగులుతుంది. 9 ఎంఎం తూటాలు 380 కన్నా చవక, రకాలూ ఎక్కువ, అందులో అబద్ధం లేదు. ఆవిడ 9 ఎంఎం హాయిగా పేల్చగలిగితే అదే తీసుకోండి, షీల్డ్ ఈజీ ఆ సైజులోనూ ఉంది. .22 అందరికన్నా మెత్తన, చవక. టారస్ టీఎక్స్22లో 16 తూటాలు పడతాయి, 300 డాలర్ల దగ్గర్లో వస్తుంది. తేడా ఏమిటంటే .22 తూటా నొక్కినా పేలకపోవడం మిగతావాటికన్నా ఎక్కువ. చేతులు బాగా బలహీనమైనవాళ్ళకి ఒకటే మాట చెబుతాను: పేల్చగలిగే .22, పేల్చలేని 9 ఎంఎం కన్నా నయం.

అమ్మ స్లయిడ్ లాగలేకపోతోంది. చేతిలో బలం లేదా, పద్ధతి తెలియకా?

సగం మందికి పద్ధతే. సినిమాల్లోలా గన్‌ని దూరంగా చాపి రెండు వేళ్ళతో స్లయిడ్ చివర గిల్లితే నాకూ రాదు. బిగుసుకుపోయిన సీసా మూత తీసేటప్పుడు సీసాని పొట్ట దగ్గరికి తెచ్చుకుంటాం కదా, అలా గన్‌ని రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి. గొట్టం మాత్రం ఎప్పుడూ గురి వైపే, వేలు ట్రిగ్గర్ బయటే. ఎడమ చెయ్యి మొత్తం స్లయిడ్ పైనుంచి కప్పి పట్టుకుని, దాన్ని కదపకుండా, కుడి చేత్తో పిడిని ముందుకి తోయాలి. లాగడం కన్నా తోయడం సులువు. ఇది చూపించాక పెద్దమ్మ, అంతకుముందు "నా వల్ల కాదు" అన్న గన్‌నే నాలుగుసార్లు వరసగా తెరిచింది.

ఇంకోటి, దుకాణానికి పొద్దున్నే వెళ్ళండి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి వేళ్ళు పొద్దున బిగుసుకుని ఉంటాయి. అప్పుడు తెరవగలిగిందే ఏ వేళప్పుడైనా తెరవగలుగుతారు.

కళ్ళజోడుతో గురి కుదరట్లేదు. ఏం చేయాలి?

రెండు పవర్ల అద్దాలతో ముందు సైట్ (గొట్టం చివర గురి చూసే బొడిపె) చూడాలంటే గడ్డం పైకెత్తాల్సి వస్తుంది, మెడ నొప్పి. గన్ పైన రెడ్ డాట్ అనే చిన్న గురి అద్దం పెట్టించుకుంటే దూరం చూసే అద్దంలోంచే ఎర్ర చుక్క కనిపిస్తుంది. వంద డాలర్లకి పైనే ఖర్చు, పైగా అన్ని గన్లకీ అమరదు, అది కొనకముందే అడగాలి. ఇంట్లో దూరాలు నాలుగైదు గజాలే కాబట్టి, ముందు సైట్‌కి మెరిసే రంగు పూసి కూడా చాలామంది నెట్టుకొస్తారు. కంటిశుక్లం ఆపరేషన్ ఉంటే అది అయ్యాకే కొనండి.

మొత్తం ఎంతవుతుంది?

గన్ ధర ఒక్కటే చూసుకుంటే దెబ్బతింటారు. 400 గన్‌కి, మంచి సేఫ్‌కి వంద, చెవులకీ కళ్ళకీ యాభై, ఒక క్లాసుకి వంద, నేర్చుకోవడానికి తూటాలకి వంద. మాకు దాదాపు 750 అయింది. ఇందులో తగ్గించాల్సి వస్తే గన్‌లో తగ్గించండి, క్లాసులో కాదు. మ్యాగజీన్ నింపే చిన్న ప్లాస్టిక్ పరికరం ఉంటుంది, అప్‌లూలా అంటారు. బొటనవేలి నొప్పి ఉన్నవాళ్ళకి అంతకన్నా పనికొచ్చే ఖర్చు ఇంకోటి లేదు.

పాతది కొంటే చవక కదా?

చవకే. తెలిసిన డీలర్ దగ్గరే కొనండి, సీరియల్ నంబరుని కంపెనీ సైట్‌లో సరిచూసుకోండి. 2020 మార్చి–అక్టోబరు మధ్య తయారైన 9 ఎంఎం షీల్డ్ ఈజీలని హ్యామర్ (తూటా పేలడానికి కొట్టే సుత్తి భాగం) విరిగే లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచి సరిచేసింది. సరిచేయించనివి చేతులు మారుతూ ఉండొచ్చు.

రేంజ్‌కి చీర కట్టుకుని రావచ్చా?

రావచ్చు గానీ వద్దు. పేలిన తూటా గుల్ల సలసలా కాగుతూ పక్కకి ఎగురుతుంది, మెడ తెరిపిగా ఉంటే లోపల పడుతుంది. కాలితే చేతిలో గన్ ఉందన్న సంగతి మర్చిపోయి గంతేస్తారు, అసలు ప్రమాదం అది. మెడ దాకా మూసే టీషర్టు, మూసిన బూట్లు. గాజులు, పొడుగు గొలుసు తీసి రమ్మనండి, మంగళసూత్రం లోపలికి దోపుకుంటే చాలు. హియరింగ్ ఎయిడ్ తీసి, చెవుల్ని కప్పే ఎలక్ట్రానిక్ మఫ్స్ పెట్టుకుంటే నేర్పేవాళ్ళ మాట వినిపిస్తుంది, పేలుడు చప్పుడు తగ్గుతుంది. వారం మధ్యలో పొద్దున వెళ్తే జనం ఉండరు.

## ఇంటికి తెచ్చాక

ఎక్కడ దాచాలి? పిల్లలు ఇల్లంతా తిరుగుతుంటారు.

దిండు కింద కాదు, బియ్యం డబ్బాలో కాదు, దేవుడి గూట్లో అసలే కాదు. మంచం పక్కన బిగించిన చిన్న సేఫ్‌లో. వేలిముద్ర సేఫ్ కొనబోతే ఒక్క క్షణం ఆగండి. ఆధార్ మెషీన్ మీద వేలు అరిగిపోయి ముద్ర పడక మన పెద్దవాళ్ళు ఎంత అవస్థపడతారో తెలుసు కదా, ఇక్కడా అంతే. పెద్ద బటన్లు నొక్కి తెరిచేది తీసుకోండి. కోడ్ మనవడి పుట్టినరోజు పెట్టకండి, వాడు మొదట నొక్కేది అదే. డీలర్ పిస్టల్‌తో పాటు తాళం ఇవ్వాలని ఫెడరల్ చట్టం ఉంది, అడిగి తీసుకోండి. టెక్సాస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన గన్ వదిలేయడం నేరం.

రాత్రి చప్పుడైతే అమ్మ ఏం చేయాలి?

గది తలుపు వేసుకుని 911కి ఫోన్. గన్ చేతిలో ఉన్నా గదిలోంచి బయటికి వెళ్ళకూడదు. మన ఇళ్ళకి ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది: జెట్‌లాగ్. హైదరాబాద్ నుంచి నిన్న దిగిన తమ్ముడు రాత్రి మూడింటికి ఆకలేసి, లైటు వేస్తే అందరూ లేస్తారని చీకట్లోనే ఫ్రిజ్ తెరుస్తాడు. కాబట్టి ముందు "ఎవరది?" అని గట్టిగా అరవాలి, టార్చి వేయాలి. మొహం కనపడనిదే వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. ఇంట్లో చుట్టాలున్నన్ని రోజులూ పెద్దమ్మ సేఫ్ తెరవనే తెరవదు, ఆవిడే పెట్టుకున్న నియమం.

హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరగొచ్చా?

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హత ఉన్నవాళ్ళకి పర్మిట్ లేకుండా కూడా చట్టం ఒప్పుకుంటోంది. నేను ఒప్పుకోను. చాక్లెట్ కోసం మనవలు చెయ్యి పెట్టేది ఆ బ్యాగులోనే.

రేంజ్ నుంచి వచ్చాక చేతులు కడుక్కుంటే చాలా?

సబ్బుతో, చల్లటి నీళ్ళతో, ముంజేతుల దాకా. తూటాల మసిలో సీసం ఉంటుంది. మనం చేత్తో కలుపుకుని తినేవాళ్ళం, గోళ్ళలో ఉన్నదంతా పప్పన్నంలోకి పోతుంది. బట్టలు మార్చుకున్నాకే పసిపిల్లల్ని ఎత్తుకోవాలి.

దసరాకి ఆయుధపూజలో పెట్టొచ్చా?

మ్యాగజీన్ తీసి, లోపల తూటా లేదని ఇద్దరు చూశాక. పసుపు కుంకుమ పైపైన బొట్టులాగే, స్లయిడ్ సందుల్లోకి పోతే మొరాయిస్తుంది. పూజవగానే తుడిచి సేఫ్‌లోకి.

ఎన్నాళ్ళకోసారి సాధన చేయాలి?

నెలకోసారి వెళ్తే చాలా మంచిది, మూడు నెలలకోసారైనా తప్పనిసరి. యాభై తూటాలు చాలు, అలిసిపోయాక పేల్చినవి చెడ్డ అలవాటు నేర్పుతాయి. ఇంట్లో తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, డమ్మీ తూటాలతో వారానికి పది నిమిషాలు ట్రిగ్గర్ నొక్కడం, స్లయిడ్ తెరవడం. పెద్దమ్మ సీరియల్ మధ్య ప్రకటనలప్పుడు చేస్తానంది, నేను వద్దన్నాను. టీవీ కట్టేసి, పని దాని మీదే.

## ఏళ్ళు గడిచాక

ఇండియా వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళొచ్చా? అక్కడ ఆడవాళ్ళ రివాల్వర్ ఉందటగా?

తీసుకెళ్ళకూడదు. అక్కడ ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా ఏదీ ఉండకూడదు, ఒక్క తూటా అయినా సరే. రేంజ్‌కి వాడిన బ్యాగుని విమానానికి వాడకండి. అడుగున జారిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్‌లో స్కానర్ దగ్గర కేసు అవుతుంది. ఆ రివాల్వర్ నిర్భీక్, కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో తెచ్చింది. .32 సైజు, అరకిలో బరువు, అప్పటి ధర లక్షా 22 వేల పైమాటే. దానికీ లైసెన్సు కావాలి.

అమ్మకి మతిమరుపు మొదలైంది. గన్ ఎలా వెనక్కి తీసుకోవాలి?

లాక్కుంటే గొడవ. కొన్న రోజే మాట తీసుకోవాలి. కారు తాళాలు ఇచ్చేసే రోజు గన్ కూడా ఇచ్చేయాలని పెద్దమ్మతో తెల్లకాగితం మీద రాయించుకున్నాం, సాక్షి సంతకం వాళ్ళ కోడలిది. అలా రాసుకోని ఇళ్ళలో, "రిపేరుకి ఇవ్వాలి" అని తీసుకెళ్ళి తిరిగి తేని వాళ్ళని ఎరుగుదును. అబద్ధమే, అయినా తప్పు పట్టను. మనుషుల్ని గుర్తుపట్టలేని దశ దాకా మాత్రం ఆగకండి. ఇంట్లో మనిషిని దొంగ అనుకునే రోజు వస్తుంది.

ఆవిడ పోయాక గన్ ఏమవుతుంది?

వీలునామా ద్వారా గానీ వారసత్వంగా గానీ వస్తే, రాష్ట్రం దాటినా ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. మీ రాష్ట్రం నియమాలు విడిగా చూసుకోవాలి. వారసుడు హెచ్1బీ మీద ఉంటే ముట్టుకోకూడదు. ఇంట్లో ఉన్న సిటిజన్ ఎవరైనా డీలర్‌కి అమ్మేసి డబ్బు ఇవ్వొచ్చు. అలాంటివాళ్ళు ఎవరూ లేకపోతే సేఫ్ తెరవకుండా లాయర్‌కి గానీ, పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరుకి గానీ ఫోన్ చేయండి. 911కి కాదు.